యెహోవా పేరుతోనే పోత పోసిన విగ్రహం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. మా సంఘంలో చాలాకాలంగా సండేస్కూలు చెబుతున్నాను. రాజుల గ్రంథంలో యరొబాము చేయించిన దూడల పాఠం చెబుతుంటే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "మన ఇళ్లలో విగ్రహాలే లేవు కదా టీచర్, ఇదంతా మనకెందుకు?" అని అడిగాడు. ఇంకో పాప, పక్కింటి స్నేహితురాలిని విగ్రహారాధకురాలని వెక్కిరించానని గొప్పగా చెప్పుకుంది. ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక మా ఇంటి సంగతి. మా అబ్బాయి రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఫీజు కోసం నా నగలు బ్యాంకులో పెట్టాం. మొన్న ఔటింగ్ రోజున వాడికిష్టమని చేపల పులుసు వండి తీసుకెళితే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు, "నాన్నకు చెప్పకమ్మా" అన్నాడు. మా వారేమో ర్యాంకు వచ్చేదాకా ఓర్చుకోవాలంటారు. ఒక పరిచర్య వారికి కానుక పంపి అభిషేక తైలం సీసా తెప్పించి, వాడి దిండు కింద పెట్టి వచ్చారు. కోపంలో "మీరు చేస్తున్నది విగ్రహారాధన" అనేశాను. అప్పటినుంచి ఆయన నాతో ముభావంగా ఉంటున్నారు. నేనన్నది తప్పా? అబ్బాయిని ఇంటికి తెచ్చేసుకుంటే, టీచరుగారి కొడుకే చదువు మధ్యలో వదిలేశాడని సంఘంలో అనుకుంటారేమో అన్న భయం కూడా నాకుంది.

జవాబు: సోదరి గారికి వందనాలు. ముందు చేయవలసిన పని ముందు చెబుతాను. నిద్ర పట్టక, తిండి సహించక, ఆ మాట తండ్రికి చెప్పవద్దని బతిమాలుకునే స్థితిలో ఉన్న పిల్లవాడి కోసం వచ్చే ఔటింగ్ దాకా ఆగకండి. కాలేజీ వారితో మాట్లాడి కొద్ది రోజులు ఇంటికి తీసుకురండి, డాక్టరుకు చూపించండి, వాడు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకుండా వినండి. మానసిక ఒత్తిడి విషయంలో సలహా ఇచ్చే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. దాని నంబరు 14416. ఏ వేళలోనైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు; మీరైనా చేయవచ్చు, వాడైనా చేయవచ్చు. విగ్రహారాధన అంటే ఏమిటో మనం తేల్చుకునేదాకా ఈ పని ఆగనక్కరలేదు.

ఇక మీ తరగతిలో లేచి నిలబడిన అబ్బాయి ప్రశ్న. ఆ ప్రశ్న వెనుక ఒక అభిప్రాయం ఉంది. ఇశ్రాయేలీయులు యెహోవాను పూర్తిగా వదిలేసి వేరే దేవుళ్ల దగ్గరికి వెళ్లిపోయారనీ, విగ్రహారాధన అంటే అంతేననీ మనలో చాలామంది అనుకుంటాం. అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు. కాని గ్రంథాన్ని నిదానంగా చదివితే, ఎక్కువ చోట్ల కనిపించేది ఇంతకంటే చిక్కైన వ్యవహారం. సీనాయి దగ్గర అహరోను బంగారు దూడను పోత పోసి, దానికి ఎదురుగా బలిపీఠం కట్టించిన తరువాత చేయించిన చాటింపు ఏమిటో నిర్గమకాండము 32వ అధ్యాయంలో చూడండి: మరునాడు యెహోవాకే పండుగ అన్నాడు. పేరు మారలేదు, పండుగ మారలేదు, ఐగుప్తు నుంచి విడిపించిన సంగతిని కూడా ఎవరూ మరిచిపోలేదు. కొండమీదికి వెళ్లి ఎప్పటికీ దిగిరాని మోషేను, కంటికి కనబడని దేవుణ్ని నమ్ముకుని ఎడారిలో ఎదురుచూడటం వారివల్ల కాలేదు. అందుకని అదే దేవుణ్ని తమ చెవిపోగుల బంగారంతో, తమతో పాటు మోసుకుపోగలిగిన రూపంలోకి తెచ్చుకున్నారు.

క్రీస్తుపూర్వం 930 ప్రాంతంలో రాజ్యం రెండుగా చీలినప్పుడు ఉత్తర రాజ్యానికి రాజైన యరొబాము చేసిందీ దీనికి దగ్గరగానే ఉంటుంది. జనం పండుగలకు యెరూషలేముకు పోతూ ఉంటే వారి మనసు మళ్లీ దావీదు వంశంవైపు తిరుగుతుందని అతనికి భయం. ఆ భయం బయటికి చెప్పుకోలేడు కనుక, అంత దూరం ప్రయాణం మీకు కష్టమని ప్రజల మీద జాలి ఒలకబోసి, దక్షిణాన బేతేలులో ఒక దూడను, ఉత్తరాన దానులో ఒక దూడను నిలబెట్టాడు. పీఠాన్ని కాపాడుకోవలసిన అవసరం రాజుది, సౌకర్యం ప్రజలది. ఇద్దరి అవసరమూ తీర్చేలా ఆరాధనను సవరించారు. దాను ఉన్న చోటును ఇప్పుడు తేల్ దాన్ అంటారు. 1966లో అవ్రహాం బిరాన్ అక్కడ మొదలుపెట్టిన తవ్వకాల్లో చెక్కిన రాళ్లతో కట్టిన విశాలమైన అరుగు, దాని దరిదాపుల్లో బలిపీఠానికి సంబంధించిన ఆనవాళ్లు బయటపడ్డాయి. దూడ మాత్రం దొరకలేదు.

అయినా మీ తరగతికి దూడల పాఠం కంటే అక్కరకొచ్చే కథ న్యాయాధిపతుల గ్రంథం 17, 18 అధ్యాయాల్లో ఉంది. ప్రసంగాల్లో అరుదుగా వినబడుతుంది గనుక కాస్త వివరంగా చెబుతాను. ఎఫ్రాయిము మన్యంలో మీకా అనే ఒకాయన ఉన్నాడు (ప్రవక్త మీకా వేరు). తల్లి దాచుకున్న పదకొండు వందల వెండి నాణాలు ఇతనే దొంగిలించాడు. దొంగ ఎవరో తెలియక ఆమె శపించింది. ఆ శాపం చెవిన పడేసరికి భయమేసి, తీసింది నేనేనని ఒప్పుకుని తిరిగి ఇచ్చేశాడు. తల్లి సంతోషపడి, యెహోవా నిన్ను ఆశీర్వదించుగాక అని దీవించి, ఈ వెండిని నా కొడుకు మేలు కోసం యెహోవాకే ప్రతిష్ఠిస్తున్నాను, దీనితో విగ్రహం చేయిస్తాను అంది. దేవుడికి మొక్కుకున్నది పదకొండు వందలు, కంసాలి చేతికి వెళ్లింది రెండు వందలు! తక్కిన తొమ్మిది వందల మాట గ్రంథకర్త ఎత్తడు, ఎత్తకుండానే మనకు అర్థమవుతుంది. మీకా ఇంట్లో అప్పటికే దేవతలకు ఒక గది ఉంది. ఏఫోదు అనే యాజక వస్త్రం చేయించాడు, గృహదేవతలను పెట్టుకున్నాడు, ఒక కొడుకును యాజకుడిగా కూర్చోబెట్టాడు.

అంతలో బేత్లెహేము నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ, దేవుడి సేవకు ఏర్పాటైన లేవీ గోత్రపు కుర్రవాడొకడు ఆ దారిన వచ్చాడు. ఏడాదికి పది వెండి నాణాలు, ఒక జత బట్టలు, తిండి అని మాట్లాడుకుని మీకా అతన్ని కొలువులో పెట్టుకున్నాడు. ఆ రోజు అతని ధీమా చూడండి: లేవీయుడే నాకు యాజకుడయ్యాడు కనుక యెహోవా ఇక నాకు తప్పక మేలు చేస్తాడు. ఈ కథ మొత్తంలో కనానీయుల దేవుడైన బయలు పేరు ఒక్కసారి కూడా వినబడదు. శాపానికి విరుగుడు, దీవెన, మొక్కుబడి, జీతం ఇచ్చి పెట్టుకున్న యాజకుడు, చివరికి ఆ ధీమా కూడా, అన్నీ యెహోవా పేరుమీదే నడిచాయి. ఆ గదిలో లేనిదల్లా దొంగతనం చేయవద్దనీ, విగ్రహం చేసుకోవద్దనీ చెప్పిన దేవుడి మాట ఒక్కటే.

తరువాత దాను గోత్రంవారు ఆరు వందల మంది ఆయుధాలతో అటుగా వచ్చి విగ్రహాన్నీ, ఏఫోదునూ, గృహదేవతలనూ ఎత్తుకుపోయారు. ఒక ఇంటికి యాజకుడిగా ఉండటం మేలా, ఒక గోత్రానికి యాజకుడిగా ఉండటం మేలా అని అడిగేసరికి లేవీయుడు కూడా సంతోషంగా వారి వెంట నడిచాడు. మీకా ఇరుగుపొరుగువారిని కూడగట్టుకుని వెంటపడితే, నీకేమయిందని వాళ్లే ఎదురు అడిగారు. అప్పుడు మీకా అన్న మాట నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నేను చేయించుకున్న నా దేవతలను, నా యాజకుణ్ని పట్టుకుపోతున్నారు, ఇక నా దగ్గర ఏముంది అన్నాడు. వాళ్లు తనకంటే బలవంతులని చూసి ఇంటికి తిరిగిపోయాడు. ఆ విగ్రహాన్ని దానీయులు నిలబెట్టుకున్నది ఎక్కడో తెలుసా? తరువాతి కాలంలో యరొబాము దూడను పెట్టిన ఆ దానులోనే.

యెహోవాను వదలకుండానే పక్కన ఇంకొకటి చేర్చుకునే ఈ అలవాటుకు తవ్వకాల్లోనూ సాక్ష్యాలున్నాయి. సీనాయి ఈశాన్య భాగంలో కుంటిల్లెత్ అజ్రూద్ అనే చోట 1975, 76 సంవత్సరాల్లో జేవ్ మెషెల్ జరిపిన తవ్వకాల్లో, క్రీస్తుపూర్వం 800 ప్రాంతానికి చెందిన రెండు పెద్ద మట్టి జాడీల ముక్కలు దొరికాయి. వాటి మీద సిరాతో రాసిన దీవెనల్లో ఒకటి "షోమ్రోను యెహోవా పేరిట, ఆయన అషేరా పేరిట" దీవిస్తున్నాననే అర్థంలో ఉంది. అక్కడి అషేరా దేవతా, లేక ఆమెకు గుర్తుగా నిలిపే కొయ్యా అన్నదానిపై పండితులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. ఏది నిజమైనా ఆ రాత రాసినవాడు యెహోవాను విడిచిపెట్టినవాడు కాడు. యూదా ప్రాంతంలో, యెరూషలేములో సైతం, క్రీస్తుపూర్వం ఎనిమిది, ఏడు శతాబ్దాల నాటి చిన్న చిన్న స్త్రీమూర్తుల మట్టి బొమ్మలు వందల సంఖ్యలో దొరికాయి. నడుము కింది భాగం గుండ్రని స్తంభంలా ఉండి, రెండు చేతులూ రొమ్ములను పట్టుకుని ఉంటాయి. అవి ఎక్కువగా దొరికింది ఇళ్లలో. కాన్పులు, పాలు, పసిపిల్లల ప్రాణాలు వంటి అక్కరల కోసమే వాటిని ఇంట్లో ఉంచుకుని ఉంటారని చాలామంది భావిస్తున్నారు.

బయలు సంగతి కూడా ఈ కోణం నుంచి చూస్తేనే అర్థమవుతుంది. సిరియా తీరంలోని రాస్ షమ్రా దగ్గర 1929 నుంచి జరిగిన తవ్వకాల్లో ఉగారిత్ అనే ప్రాచీన నగరపు మట్టి పలకలు దొరికాయి. వాటిలో బయలు ఉరుముల, మెరుపుల, వానల దేవుడు. ఐగుప్తులో నైలు నది నీళ్లు మళ్లించుకుని పంట పండించుకోవచ్చు, కనానులో ఆకాశం కరుణించాలి అని ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయమే చెబుతుంది. కృష్ణా డెల్టాలో కాలువ కింద సాగుచేసి, అనంతపురం మెట్టకు వెళ్లి స్థిరపడిన రైతు గుండె వానాకాలం మొదట్లో ఎలా కొట్టుకుంటుందో, ఆ కొత్త దేశంలో ఇశ్రాయేలు రైతు గుండె అలాగే కొట్టుకుని ఉంటుంది. అక్టోబరులో తొలకరి పడకపోతే విత్తనం మట్టిలోనే పోతుంది. విడిపించిన దేవుడు యెహోవాయే, కాదనడం లేదు, కాని వాన సంగతి ఇక్కడ తరతరాలుగా చూసుకుంటున్నది బయలట కదా, ఆయనకు కూడా ఒక మేకపోతును ఇస్తే పోయేదేముంది? కర్మెలు కొండమీద ఏలీయా జనాన్ని ఎన్నాళ్లు రెండు తలంపుల మధ్య తడబడతారని అడిగింది అందుకే. జనం ఒక్క మాట కూడా మారు పలకలేదు. ప్రవక్త హోషేయ ఇశ్రాయేలును యెహోవా భార్యగా పోల్చి ఈ తప్పును మరింత బాధగా చెబుతాడు: ధాన్యమూ, ద్రాక్షారసమూ, నూనే ఇచ్చింది నేనేనని ఆమెకు తెలియలేదు, నేనిచ్చిన వెండి బంగారాలనే బయలుకు వాడింది, అని. పంటను ఆశించడం తప్పని ఆయన ఎక్కడా అనలేదు.

ఇంకొక దృశ్యం చూపించి మీ ఇంటి సంగతికి వస్తాను. యిర్మీయా 7వ అధ్యాయంలో యెరూషలేము వీధుల్లోని ఒక మామూలు ఇల్లు కనబడుతుంది. పిల్లలు కట్టెలు ఏరుకొస్తున్నారు, తండ్రులు నిప్పు రాజేస్తున్నారు, తల్లులు పిండి పిసుకుతున్నారు. అందరూ కలిసి ఆకాశరాణి అనే దేవతకు రొట్టెలు కాల్చబోతున్నారు. ఇంటిల్లిపాదీ తలో చేయి వేసి చేసుకుంటున్న ఆ పనిలో ఎవరి ముఖంలోనూ దుర్మార్గం కనబడదు. క్రీస్తుపూర్వం 586లో యెరూషలేము పడిపోయిన తరువాత ఐగుప్తుకు పారిపోయిన వారిని యిర్మీయా ఇదే విషయంలో గద్దిస్తే, వారిచ్చిన జవాబు 44వ అధ్యాయంలో ఉంది. ఆకాశరాణికి ధూపం వేసినన్నాళ్లూ కడుపునిండా తిన్నాం, క్షేమంగా ఉన్నాం, అది మానినప్పటినుంచే కరువూ కత్తీ మమ్మల్ని తినేస్తున్నాయి అన్నారు. ఈ వాదనను నవ్వి కొట్టిపారేయడం కష్టం. యోషీయా రాజు 622 ప్రాంతంలో దేశమంతటా ఆ పూజాస్థలాలను పడగొట్టించిన తరువాత నలభై ఏళ్లు తిరగకుండానే దేశం నాశనమైంది గదా, వారి లెక్క వారికి సరిగానే కనబడింది. వారిలోని స్త్రీలు ఇంకో మాట కూడా అన్నారు: మా భర్తలకు తెలియకుండానే మేము ఆ రొట్టెలు చేశామా?

కనుక మీ తొమ్మిదో తరగతి అబ్బాయికి చెప్పవలసిన జవాబు, మన ఇళ్లలో రాతి బొమ్మ లేకపోయినా మీకా గది ఉండవచ్చు అన్నదే. విగ్రహం అనే మాటను ఇలా విస్తరించింది ఈనాటి ప్రసంగీకులు కారు, ప్రవక్తలే. ఐగుప్తు గుర్రాల మీద ఆధారపడినవారిని యెషయా గద్దించాడు. అష్షూరు మాకు రక్షణ కాదు, గుర్రాలెక్కము, మా చేతిపనిని దేవుడనము అని మూడింటినీ ఒకే ఊపిరిలో ఒప్పుకొమ్మని హోషేయ నేర్పించాడు. తమ హృదయాల్లోనే విగ్రహాలను నిలుపుకున్న పెద్దలు తన ముందు కూర్చున్నారని యెహెజ్కేలు విన్నాడు. యిర్మీయా అయితే యెరూషలేము ఆలయాన్నే వదల్లేదు. ఇది యెహోవా ఆలయమని ముమ్మారు జపిస్తూ లోపల అన్యాయం చేసేవారికి ఆ ఆలయమే మోసపు ఆధారమైందన్నాడు. ఇక ధనాపేక్ష విగ్రహారాధనే అన్న పౌలు మాట మీకు తెలిసిందే.

అయితే మన వేదికల మీద ఈ మాటను ఇప్పుడు మరీ చవక చేశామని నా అభిప్రాయం. సెల్‌ఫోను విగ్రహం, క్రికెట్టు విగ్రహం, సినిమా నటుడు విగ్రహం అని వరసపెట్టి చదువుతుంటే, విన్నవాడు తనకు ఇష్టమైనవన్నీ పాపాలే కాబోలని కుంగిపోతాడు, లేదా అన్నీ ఒకటేనని తేలికగా తీసుకుంటాడు. ఇష్టం ఎక్కువైనంత మాత్రాన ఏదీ విగ్రహం కాదు. బిడ్డ చదువుకోవాలని తండ్రి ఆరాటపడటం విగ్రహారాధన కాదు. మీకా ప్రశ్ననే కొలతగా పెట్టుకుందాం. ఏది చేజారితే "ఇక నా దగ్గర ఏముంది?" అని మన నోటినుంచి వస్తుందో, దాని దగ్గర ఆగి చూసుకోవాలి. దాన్ని కాపాడుకోవడానికి మనం ఎవరిని మూల్యంగా చెల్లిస్తున్నామో కూడా చూసుకోవాలి.

ఈ రెండో మాట దగ్గర కొంచెం జాగ్రత్తగా నడవాలి. యెరూషలేము పక్కనున్న బెన్‌హిన్నోము లోయలోని తోఫెతులో పిల్లలను అగ్నికి అర్పించిన సంగతి చదివినప్పుడల్లా వారేదో రాక్షసజాతి అనుకుంటాం. కాని మోయాబు రాజు పెద్ద కొడుకును బలి ఇచ్చింది ముట్టడిలో ఓడిపోతున్న వేళ, పట్టణపు గోడ మీద. కొడుకును అగ్నిగుండం దాటించిన యూదా రాజు ఆహాజు, శత్రుసైన్యాలు యెరూషలేము మీదికి వచ్చిన కాలంలో ఏలినవాడు. మీకా ప్రవక్త 6వ అధ్యాయంలో ఒక భక్తుడు యెహోవాకు ఏమివ్వాలో తెలియక దూడలు, వేల పొట్టేళ్లు, నదులకు నదుల నూనె అని పెంచుకుంటూ పోయి చివరికి నా జ్యేష్ఠపుత్రుణ్ని ఇవ్వనా అంటాడు. అలాంటిది నేను ఆజ్ఞాపించలేదు, నా మనసుకే తోచలేదు అని యిర్మీయా ద్వారా యెహోవా చెప్పవలసి వచ్చిందంటే, ఆయనే అడుగుతున్నాడని నమ్మినవారు కొందరైనా ఉండి ఉంటారు. కుటుంబం గట్టెక్కాలన్న తాపత్రయంలోనే ఆ పని జరిగింది. మీ వారిని ఆహాజు పక్కన నిలబెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. అలా నిలబెట్టడం ఘోరమైన అన్యాయం. రేపటి కోసం ఈ రోజు బిడ్డ నిద్రను, ఆకలిని, మాటను తీసుకునే ఏ పద్ధతినైనా, దానికి ఎంత గౌరవమున్నా, ఎన్ని ఫ్లెక్సీల మీద ఎన్ని ర్యాంకుల ఫొటోలున్నా, విశ్వాసి అనుమానంతో చూడాలని మాత్రమే చెబుతున్నాను.

మీ వారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో చదువుకున్న విలువ ఊరికే రాలేదు. 1876–78 నాటి కరువు తరువాత వేల సంఖ్యలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు ఊరి బడి గడప కూడా ఎక్కనివ్వని కులాలవారు. వారి పిల్లలకు అక్షరం చెప్పింది మిషన్ బడి. పలక పట్టుకున్న ఆ తరమే తరువాతివారిని టీచర్లుగా, నర్సులుగా, గుమస్తాలుగా నిలబెట్టింది. అలాంటి ఇళ్లలో ర్యాంకు అంటే గొప్పలకు పోవడం మాత్రమే కాదు, తాత పడిన అవమానం మనవడు పడకూడదన్న పట్టుదల కూడా. చదువు దేవుడిచ్చిన ధాన్యం అనుకుంటే, హోషేయ బాధ ధాన్యం మీద కాదని పైన చూశాం. మీ వారికి ఈ సంగతి తెలిసి మాట్లాడే మనిషి కావాలి.

అందుకని మీరన్న మాట విషయం. అందులో నిజం కొంత ఉండవచ్చు, అయినా కోపంలో విసిరిన ఆ మాటను వెనక్కి తీసుకోండి. భర్తతో వాదనలో గెలవడానికి వాడదగిన మాట కాదది. పైగా మీ ఉత్తరం చివరి వాక్యం మళ్లీ ఒకసారి చదువుకోండి. నగలు తాకట్టు పెట్టినప్పుడు మీరూ సంతకం చేశారు, సంఘంలో ఏమనుకుంటారోనన్న బెరుకు మీదే. యిర్మీయా చూసిన ఇంట్లో నిప్పు రాజేసింది తండ్రులైనా పిండి పిసికిన చేతులు వేరేవి. "మీరు చేస్తున్నది" అనే చోట "మనం చేస్తున్నది" అని మొదలుపెడితే ఆయన వినే అవకాశం ఎక్కువ. ప్రవక్త నాతాను దావీదు తప్పును ఎత్తిచూపడానికి అతని దగ్గరికి వెళ్లినప్పుడు కూడా నేరుగా ఆరోపణతో మొదలుపెట్టలేదు, పేదవాడి గొర్రెపిల్ల కథతో మొదలుపెట్టాడు. మీ దగ్గర కథ కూడా అక్కరలేదు, చేపల పులుసు రెండు ముద్దలు తిని పక్కన పెట్టిన సంగతి ఉంది. తండ్రికి చెప్పవద్దని వాడన్నాడు గనుక ముందు వాడితో, నాన్నకు చెప్పక తప్పదు, నేను పక్కనే ఉంటాను అని చెప్పి, అప్పుడు చెప్పండి. ర్యాంకు రాకపోతే మనకేం మిగులుతుంది అని ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటి నుంచి వెళ్లి చదువుకోగల కాలేజీలు, డిగ్రీ కోర్సులు, డిప్లొమాలు, ఒక ఏడాది ఆగి మళ్లీ పరీక్ష రాసే వీలు, ఇవన్నీ ఆ కాగితం మీద ఉండాలి. నగల అప్పు ఎలా తీర్చాలన్నది కూడా ఉండాలి, ఎందుకంటే ఇంత ఖర్చయ్యాక వెనక్కి రావడమెలా అన్న ఆలోచనే చాలామందిని కదలనివ్వదు.

తైలం సీసా గురించి ఎక్కువ చెప్పను. రోగిని సంఘపు పెద్దలు నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలో ఉంది, కనుక నూనెలో తప్పు లేదు. ఆ నూనె రాసేటప్పుడు పెద్దలు రోగి మంచం పక్కన ఉంటారు, అతని బాధ వింటారు. దిండు కింది సీసా ఏమీ వినదు. ఫిలిష్తీయులతో యుద్ధంలో ఓడిపోతున్నామని దేవుడి నిబంధన పెట్టె అయిన మందసాన్ని పాళెంలోకి తెప్పించుకున్న ఇశ్రాయేలు ముప్పై వేల మందిని పోగొట్టుకుని మందసాన్ని కూడా పోగొట్టుకుంది. మోషే దేవుడి ఆజ్ఞ ప్రకారమే చేయించిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అది ఎవరు చేశారన్నది అతను లెక్కచేయలేదు. మీ సీసాను ఎవరూ పగలగొట్టనక్కరలేదు. అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు మీ వారే వాడి తలమీద చేయి పెట్టి ప్రార్థన చేస్తే, ఆ సీసా అలమరలో ఉన్నా ఎవరికీ గుర్తురాదు.

పక్కింటి స్నేహితురాలిని వెక్కిరించిన పాపకు మాత్రం ఈ వారమే చెప్పండి, మెత్తగానే అయినా స్పష్టంగా చెప్పండి. ప్రవక్తల నోట విన్న కఠినమైన మాటల్లో ఎక్కువభాగం సొంత ఇంటివారిని ఉద్దేశించినవి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగయ్యాక, మా రాజు నా చేయి ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నేను కూడా వంగవలసి వస్తుంది, యెహోవా ఈ ఒక్క విషయంలో నన్ను క్షమించాలి అని అడిగితే, ఎలీషా అతన్ని గద్దించలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. ఎఫెసులో అర్తెమిదేవి పేరిట పట్టణమంతా అల్లరి చేసినప్పుడు, పౌలు స్నేహితుల గురించి ఆ పట్టణపు కరణం చెప్పిన సాక్ష్యం, వీరు మన దేవతను దూషించినవారు కారు అని. ఇరుగుపొరుగు నుంచి మన గురించి అలాంటి సాక్ష్యం రావాలి. ఆ పాప వెళ్లి స్నేహితురాలికి క్షమాపణ చెప్పాలి. వెంట మీరు వెళితే ఇంకా మంచిది, పెద్దవాళ్లతోనూ రెండు మాటలు మాట్లాడినట్టు ఉంటుంది.

పాఠం విషయంలో ఒక సూచన. మీకా కథ రెండు అధ్యాయాలు, ఒక్క ఆదివారంలో ఇరికించకండి. మొదటి వారం లేవీయుడికి జీతం కుదిరేదాకా చెప్పి ఆపి, ఇందులో యెహోవా పేరు ఎన్నిసార్లు వచ్చిందో, బయలు పేరు ఎన్నిసార్లు వచ్చిందో పిల్లలనే లెక్కపెట్టమనండి. ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి చేత చదివించండి. దానీయులు వచ్చే భాగం రెండో వారానికి ఉంచండి. తొమ్మిది వందల నాణాలు ఏమయ్యాయని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు మీరు చెప్పకుండా వాళ్లనే వాదించుకోనివ్వండి.